తలరాతకు లప్పం

ఆ కారు నంబరును మాయం చేసినవాడు దొంగ కాదు. సొట్టలు పూడ్చి రంగులు వేసుకుని బతికే పెద్దమనిషి. అదీ కారు యజమానురాలికి స్వయానా తమ్ముడు. చేసిందీ ప్రేమతోనే. పగతో చేసిన పనికైతే తిట్టి ఊరుకోవచ్చు, ప్రేమతో చేసినదానికి ఏం చేస్తాం? అందుకే ఆ ఉదయం షెడ్డులో అక్క తమ్ముణ్ణి తిట్టలేకపోయింది.

ముందు తమ్ముడి సంగతి చెప్పాలి. పేటలో అందరూ అతన్ని నునుపు మేస్త్రి అంటారు. కళ్లు మూసుకుని ఎడమ అరచేతితో రేకును తడుముతాడు, ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో చెప్పేస్తాడు. "కళ్లు బొంకుతాయి, అరచెయ్యి బొంకదు" అంటాడు. ఎవరింటికి వెళ్లినా కుర్చీలో కూర్చోకముందే తలుపు తడమడం అలవాటు. "మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు నా మొహం చూశాడనుకున్నారా? మా బీరువాకున్న సొట్ట చూశాడు" అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ఇన్ని కార్లు బాగుచేసిన ఈ మహానుభావుడికి కారు నడపడం మాత్రం రాదు. స్టీరింగు ముందు కూర్చోబెడితే చాలు, "సొట్ట పడుతుందే అక్కా" అని దిగిపోయేవాడు.

అక్క పనే డ్రైవింగు నేర్పడం. ఆమె దగ్గరున్నది ఒక్కటే కారు, గుండ్రటి కళ్లలాంటి లైట్లున్న పాతకాలపు బండి. పేరు బామ్మ. నేర్పేవాళ్ల కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది దానికి. వేరే స్కూళ్లవాళ్లు "మీవల్ల కాదు లెండి" అని పంపేసినవాళ్లంతా బామ్మ దగ్గరికే వచ్చేవారు. చేతులు వణికేవాళ్లు, యాభై దాటినవాళ్లు, పక్కన కూర్చున్న మొగుడు అరిస్తే బెదిరిపోయి మానేసినవాళ్లు. బామ్మ ఒంటిమీద సొట్టలన్నీ వాళ్లు పెట్టినవే. "ఇది పళ్ల డాక్టరుగారి భార్యది, ఇది పోస్టాఫీసు ఆవిడది" అని అక్క వేలు పెట్టి చూపించేది. తమ్ముడు పూడుస్తూ ఉండేవాడు, శిష్యురాళ్లు కొత్తవి పెడుతూ ఉండేవాళ్లు.

అయితే ముసలి బండ్లకు రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలంటే తనిఖీ తప్పదు. మొదటిసారి తీసుకెళ్తే అడుగు రేకు తుప్పుపట్టి కన్నం పడిందని తిప్పి పంపేశారు. రెండోసారీ తప్పిందంటే నంబరు రద్దు, బామ్మ తుక్కుకొట్టుకే. అక్క ఆ మాట తేలిగ్గానే అంది. "బామ్మ పోతే నేనూ మానేస్తాను రా. కొత్త బండితో మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు."

మేస్త్రి ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. అమ్మ పోయాక తల దువ్వి బడికి పంపింది ఈ అక్కే. ఆమె కిటికీ దగ్గర చేతులు ముడుచుకుని కూర్చోవడం అతను ఊహించుకోలేకపోయాడు. షెడ్డులో మిగతా పనులన్నీ పక్కనబెట్టి బామ్మ మీద పడ్డాడు. అడుగు రేకు కొత్తది వేశాడు. తలుపులు విప్పి బిగించాడు. అప్పుడు అక్క నోరుజారి ఒక మాట అంది. "ఎక్కడా ఒక్క గీత కనపడకూడదు రా."

ఇంకెవరితోనైనా అనొచ్చు ఆ మాట. నునుపు మేస్త్రితో అనకూడదు. తుప్పు తిన్న ప్రతి గుంటనూ లప్పంతో పూడ్చి, ఆరాక రుద్ది, మళ్లీ పూసి, మళ్లీ రుద్ది అద్దంలా తయారుచేశాడు. ఒక్క చోటు మాత్రం లొంగలేదు. ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్యనుండే అడ్డరేకు వెనకవైపు, డాష్‌బోర్డు లోపల జానెడు మేర గరుకుగా మిగిలింది. తీగల గుత్తి అడ్డం, అతని చెయ్యి లావు. "వదిలెయ్ రా, అక్కడ ఎవడు చూడొచ్చాడు" అంది అక్క. వదల్లేక పుల్లకు గుడ్డ చుట్టి లప్పం పూయబోయాడు. ఎంత అంటిందో అతనికే తెలియదు. ఆ జానెడు గరుకు పంటి కింద రాయిలా ఉండిపోయింది.

తనిఖీకి అదే ఆఖరి రోజు. మధ్యాహ్నానికల్లా యార్డు గేటు మూసేస్తారు. పొద్దున్నే వచ్చి అక్క బామ్మ చుట్టూ తిరిగి మురిసిపోయింది, బానెట్టు ఎత్తి అడిగింది. "రేకులో గుద్దిన చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుతారు కదా, అది తుడిచిపెట్టు. ఏదీ, ఎక్కడుంది?"

"ఇదిగో, ఈ అడ్డరేకు మీదే..." అంటూ మేస్త్రి వేలు చాపాడు. చాపిన వేలు అలాగే ఉండిపోయింది. అక్కడ నంబరు లేదు. నున్నటి రంగు మీద ఇద్దరి మొహాలూ కనబడుతున్నాయి.

అరచేత్తో తడిమాడు. కళ్లు మూసుకుని మళ్లీ తడిమాడు. బొంకని అరచెయ్యి నిజమే చెప్పింది. తుప్పు గుంటలనుకుని తన చేత్తోనే అంకెలన్నీ పూడ్చేశాడు.

"తలరాతను ఎవరూ చెరపలేరంటారు" అంది అక్క నెమ్మదిగా. "నువ్వు లప్పం పెట్టేశావు కదరా."

తిట్టి ఉంటే బాగుండేది. మేస్త్రి పనిముట్ల పెట్టె ముందు కూర్చున్నాడు. గ్రైండరు పెడితే క్షణంలో ఊడొస్తుంది, అంకెలూ పోతాయి. ఇనుప ముక్కతో గీకితే గీతలు పడతాయి. గీతలు పడ్డ నంబరు చూస్తే దొంగబండి అంటారు. ఇక మిగిలింది థిన్నరు, గుడ్డ, వెదురుపుల్ల, ఓపిక. ఓపిక ఎంతైనా ఉంది, టైమే లేదు.

గుడ్డ తడిపి అద్దాడు. రంగు ఉబ్బింది, తుడిచాడు. లప్పం మెత్తబడేదాకా ఆగాడు, పుల్లతో చెవిలో గుబిలి తీసినట్టు తీశాడు. ఒక సున్నా తేలింది. తర్వాత నాలుగు. అక్క రిజిస్ట్రేషన్ కార్డు పట్టుకుని ఒక్కో అంకే చదువుతోంది, గొంతు మామూలుగా ఉంచుకోవాలని ఆమె పడే అవస్థ అతనికి వినబడుతూనే ఉంది. ఎండ షెడ్డు గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. ఆఖరి అంకె దగ్గర చెయ్యి ఆగింది.

"మూడు ఉండాలి" అంది అక్క.

మూడులాగే ఉంది. పక్కనే తుప్పు తిన్న గుంట ఉండటంతో ఎనిమిదిలాగానూ ఉంది. ఇంకా తుడిస్తే మూడు ఎనిమిదవుతుందో, ఎనిమిది ఏమీ కాకుండా పోతుందో! మేస్త్రి పుల్ల కింద పెట్టేశాడు.

"ఎక్కు" అంది అక్క. "ఏదైతే అది అవుతుంది."

యార్డులో తనిఖీ అధికారి బక్కపలచని మనిషి. కళ్లజోడు తాడుతో మెడకు వేలాడుతోంది. లైట్లు చూశాడు, హారను విన్నాడు, బ్రేకులు తొక్కించాడు. రెండో బ్రేకు చూసి "భలే ఉందే" అన్నాడు. అక్క మొహం కాస్త తేటపడింది. అప్పుడాయన బానెట్టు ఎత్తించాడు.

ఎత్తగానే ఆయన మొహం మారింది. బండంతా పెళ్లికూతురిలా మెరిసిపోతుంటే, సరిగ్గా నంబరున్న చోట మాత్రం రంగు ఊడి రేకు తేలి ఉంది.

"ఇక్కడొక్కచోటే ఎందుకు గీకారు?"

ఆయన కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. అంకెలు ఒక్కొక్కటే నల్లగా లేచాయి, చివరిది మసకేసింది. కార్డు చూశాడు, కాగితం చూశాడు. "ఇది మూడంటారా? నాకు ఎనిమిదిలా ఉంది. నంబరు మార్చిన బండిని నేను బయటికి వదలను. ఇక్కడే ఆగిపోతుంది."

"మార్చలేదండీ" అంది అక్క. వరసలో వెనకున్న డ్రైవర్లు దిగి చుట్టూ మూగారు. వాళ్లలో సగంమంది బండ్లకు మేస్త్రి రంగులు వేసినవాడే. వాళ్ల ముందు నోరు విప్పడం కన్నా రేకు కింద దూరిపోవడం మేలనిపించింది అతనికి. అయినా అక్క వంక చూసి నోరు విప్పాడు.

"నేనే సార్. తుప్పనుకుని నంబరుకి లప్పం పెట్టేశాను. పొద్దున చూసుకుని పుల్లతో తీశాను. అక్క తప్పేం లేదు."

"నంబరుకా? లప్పమా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. "నునుపు మేస్త్రి కదా, వదిలేస్తే రోడ్డు గుంటలు కూడా పూడుస్తాడు" అన్నాడొకడు. అధికారి నవ్వలేదు. వంగి తలుపు అడుగున వేలు పెట్టి చూశాడు.

"వాన నీళ్లు దిగే కన్నాలేవయ్యా ఇక్కడ?"

మేస్త్రి తల దించుకున్నాడు. అవీ పూడ్చేశాడు.

"దొంగ ఈ పని చెయ్యడు. సరే, దొంగవి కాదనుకుందాం. నంబరు మాత్రం నిన్ను చూసి ఒప్పుకోలేను కదా." ఆయన మళ్లీ అడ్డరేకు మీదికి వంగాడు. "అచ్చు గుద్దిన రేకు వెనక కూడా ఉబ్బుతుంది. వెనకవైపు కూడా నున్నగా చేశావా?"

ఆ జానెడు చోటు! పుల్లకు గుడ్డ చుట్టి పూసింది మేస్త్రికి గుర్తొచ్చింది. ఎక్కడిదాకా అంటిందో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. "తెలీదు సార్" అన్నాడు. జీవితంలో ఒక పని పాడై ఉండాలని అతను కోరుకోవడం అదే మొదలు.

అధికారి సీటు ముందు వెల్లకిలా పడుకుని, డాష్‌బోర్డు కిందకి టార్చి, చేతిలో ఇమిడే చిన్న అద్దం దూర్చాడు. సన్నని చెయ్యి తీగల గుత్తి పక్కనుంచి జారిపోయింది. లోపల గోటితో గీకిన చప్పుడు. లప్పం పెళ్ల ఒకటి రాలి కింద పడింది. అక్క తమ్ముడి మణికట్టు పట్టుకుంది, గట్టిగా, చిన్నప్పుడు రోడ్డు దాటించినట్టు.

"లప్పం సగందాకే ఉంది" అన్నాడాయన లోపల్నుంచి. "వెనకనుంచి తిరగేసి ఉంటాయి కదా, అద్దంలో సరిగ్గానే కనబడుతున్నాయి. ఏడు... ఒకటి... మూడు. మూడే."

అక్క అక్కడే బామ్మ బంపరు మీద కూలబడి ఏడ్చేసింది. ఇన్నేళ్లలో శిష్యురాళ్లు ఎన్ని గోడలు గుద్దినా చెక్కుచెదరని మనిషి. మేస్త్రి ఏం చెయ్యాలో తోచక ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. అధికారి సంతకం పెట్టి, "ఆ నీళ్ల కన్నాలు తెరువు, లేకపోతే మళ్లీ తుప్పే" అని చెప్పి వెళ్లిపోయాడు.

కళ్లు తుడుచుకుని అక్క లేచింది. లేచి డ్రైవరు సీటు వైపు కాకుండా పక్క సీటు వైపు తలుపు తెరిచి కూర్చుంది.

"అటు కూర్చో. నడుపు."

"నేనా? సొట్ట పడుతుందే అక్కా!"

"పడనీ. బామ్మ ఉంది, నేనున్నాను, నా కాలి కింద బ్రేకుంది. ఇంకా ఎన్నాళ్లు రా?"

కాదనే ముఖం ఆ రోజు అతనికి లేదు. కూర్చున్నాడు. బామ్మ ఒక్క గెంతు గెంతి ఆగింది, మళ్లీ గెంతింది, గేటు దాకా నత్తలా పాకింది. గేటు స్తంభం దగ్గర అక్క "ఎడమ, ఎడమ" అంటూనే ఉంది. అతను కుడికి తిప్పాడు. ఆమె బ్రేకు తొక్కేసరికి టప్‌మని చప్పుడైంది.

దిగి వెళ్లి మేస్త్రి కళ్లు మూసుకుని అరచేత్తో తడిమాడు. మడ్‌గార్డు అంచున రూపాయి బిళ్లంత సొట్ట. అక్క కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తోంది.

"షెడ్డుకు పోయాక పూడుస్తావా?"

"ఊహూఁ. ఇది నాది" అన్నాడు మేస్త్రి. వచ్చి మళ్లీ స్టీరింగు ముందే కూర్చున్నాడు.