మామగారు పంపిన మట్టి

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో తాడేపల్లిగూడెంలో మట్టి పరీక్షల ల్యాబులో పనిచేసేదాన్ని. వచ్చిన ప్రతి రైతుకీ పాడిందే పాటగా చెప్పేదాన్ని: పొలంలో పదిచోట్ల తవ్వి, కలిపి తెండి, గట్టు పక్కనా పెంటపోగు దగ్గరా తీయకండి. అందరికీ చెప్పాను గానీ, మా మామగారికి మళ్లీ విడిగా చెప్పాలా అనుకున్నాను. అదే కొంప ముంచింది.

ఆయనకి చింతలపూడి దగ్గర మెట్టలో రెండెకరాల మొక్కజొన్న. ఆయన పంపిన పొట్లంలో భాస్వరం పుష్కలంగా ఉందని తేలింది. ఈసారి భాస్వరం కోసం వేసే డీఏపీ ఎరువు అక్కర్లేదని రాసిచ్చాను. నెల తిరిగేసరికి మొక్కలు గిడసబారిపోయాయి, ఆకులు ఊదారంగుకి తిరిగాయి. భాస్వరం అందని మొక్కకి అదే లక్షణం. నాకు ఒళ్లు మండిపోయింది. మిషన్ని తిట్టుకున్నాను, సీసాలు కడిగినవాళ్లని తిట్టుకున్నాను, ఆఖరికి బస్సెక్కి వెళ్లి నేనే తవ్వి తెచ్చాను. ఇటుకపొడిలాంటి ఎర్రమట్టి.

దాన్ని ఒక సీసాలో, కొల్లేటి గట్టున తీసిన నల్లమట్టిని ఇంకో సీసాలో వేశాను. రెండింట్లోనూ ఒకే కొలతలో భాస్వరం కలిపిన నీళ్లు పోసి, బాగా కుదిపి వడకట్టాను. రసాయనం చుక్కలు వేస్తే, నీళ్లలో భాస్వరం ఎంత మిగిలితే అంత నీలం తేలుతుంది. కొల్లేటి మట్టి కొంత పట్టుకుని మిగతాది వదిలేసింది, నీళ్లు నీలంగా మారాయి. మా మెట్టమట్టి నీళ్లకి రంగే రాలేదు. ఎర్రమట్టిలో ఉన్న ఇనుముది ఉడుంపట్టు, పట్టిన భాస్వరాన్ని వేరుకి వదలదు. అలాంటి నేలలో మందుని మొక్కల మొదళ్ల దగ్గర, సాళ్లలో వేయించాల్సింది పోయి, అసలు వేయనే వద్దన్నాను.

మామగారిని ల్యాబుకి రప్పించి ఆ రెండు సీసాలూ చూపించాను.

"ఆ పొట్లం ఎక్కడ తీశారండి మావయ్యగారూ?"

"పశువులపాక వెనకాలమ్మా, పెంట మాగిన చోట. గులకరాళ్లు ఏరి, జల్లించి మరీ పంపాను. మీ ఆఫీసువాళ్లంతా చూస్తారు కదా, రాళ్లమట్టి పంపితే నీకు నామోషీ కాదూ?"

నా రిపోర్టులో పుష్కలంగా కనిపించింది ఆ పెంటలోని భాస్వరమన్నమాట. పెళ్లిచూపులకి పిల్లని ముస్తాబు చేసినట్టు మట్టిని ముస్తాబు చేశారు. అరవబోయాను. అంతలో ఆ పొట్లం విప్పిన రోజు గుర్తొచ్చింది. ఎర్రనేలలోంచి నల్లమట్టి ఎలా వచ్చిందని అప్పుడే అనుమానం వచ్చింది నాకు. మామగారిని నిలదీసినట్టుంటుందని అడగలేదు.

ఆ ఏడు కంకుల్లో గింజ నిండలేదు. కోడలి మాట విని పంట పోగొట్టుకున్నావని ఊళ్లో ఎవరన్నా, "రిపోర్టు సరైందేనండి, నేనే తప్పుడు మట్టి పంపాను" అనేవారాయన. నా తప్పు సంగతి నేను ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు.