నాంపల్లా, ఆబిడ్సా

నా బిడ్డ ఇంటరు పాసైన ఏడు రెండు కాలేజీల నడుమ నా పాణం నలిగింది. ఒకటి నాంపల్లిల, మా గల్లీ దాటంగనే వస్తది. ఇంకోటి ఆబిడ్స్‌ల, పెద్ద సడక్ మీద. రెండింటి గడువు ఒక్క సోమవారంనాడే. అసలు సర్టిఫికెట్లు ఒక్క దిక్కే ఇయ్యాలె. ఆబిడ్స్‌ల ఇచ్చి సీటు రాకపోతే, నాంపల్లి తలుపు కూడ మూసుకపోతది. ఇగ పిల్ల ఏడాది ఇంట్ల కూసోవాలె. ఏడాది ఇంట్ల కూసున్న ఆడపిల్ల మళ్ళ పుస్తకం పట్టుడు మా గల్లీల నేనైతే చూడలే.

నాంపల్లిల సీటు ఖాయం. అందరు చదివే బీయే ఉండె. నా బిడ్డ కావాలన్నది హోం సైన్స్ డిగ్రీ. అది ఆబిడ్స్‌లనే ఉండె, కొత్తగ పెట్టిన్రు. సీట్లు కొన్నే. పిల్లను పిలిచి, కూసోబెట్టి మాట్లాడి, నచ్చితేనే తీసుకుంటరంట. అది గూడ ఇంగ్లీషుల. మొన్నమొన్నటిదాంక ఉర్దూల చదివిన పిల్ల నా బిడ్డ. పోలీస్ యాక్షన్ అయి నిజాం సర్కారు పోయినంక బడి మారింది, పుస్తకాలు మారినయి. ఆ ఇంగ్లీషు అరువు తెచ్చుకున్న చీర తీరు ఆమెకు ఇంక ఒంటికి అతకలే. గదే నా భయం.

మా పక్కింటి వదినె నవ్వింది.

"ఏంది వదినె, పప్పు ఉడకేసుడు నేర్పెటందుకు కాలేజా? నా దగ్గరికి పంపు, పుణ్యానికి నేర్పుత."

నా బిడ్డ ఊకుంటదా?

"అత్తమ్మా, నీ పప్పు సంగతి గాదు. ఇంటికొచ్చే జీతంల ఇల్లెట్ల నడపాలె, బజార్ల ఏది కొంటే మోసపోతం, బాలింతకు ఏం పెట్టాలె, పసిపిల్లలెందుకు సచ్చిపోతున్నరు, గివన్ని చెప్తరు. చదివినోళ్ళకు ఊర్లల్ల ఆడోళ్ళకు చెప్పే నౌకరీ ఇస్తున్నరు సర్కారోళ్ళు."

"అబ్బో, నౌకరీ! రేపొచ్చే నీ అత్త వినాలె ఈ ముచ్చట," అని వదినె బుగ్గలు నొక్కుకున్నది.

ఆ నౌకరీ అన్న మాటే నన్ను పట్టుకున్నది. మా ఆయన నాంపల్లి టేషన్ల సామాన్ల కాడ పనిచేస్తుండె. జరమొచ్చి దవాఖానకు పోయినోడు మళ్ళ ఇంటికి రాలే. ఆ తెల్లారి నుంచి నాకు తెలిసిన పని ఒక్కటే, ఇంకొకల ఇంట్ల పొయ్యి ముట్టిచ్చుడు. నా బిడ్డకు గట్ల రావద్దని ఉండె.

మాకు మొగదిక్కు మా అన్ననే. లక్డీకాపూల్ల సర్కారు దఫ్తర్ల గుమస్తా. మంచోడు. కని ఏదైన ఖాయం ఉండాలె ఆయనకు.

"చెల్లె, నాంపల్లి అయితే పిల్ల ఇంటికాడికెంచి కనవడ్తది. ఆబిడ్స్‌ల సినిమా హాళ్ళు, మోటర్లు, ఆ జనం. డిగ్రీ ఏదైతేంది, డిగ్రీనే గద?"

"మరి పిల్ల అడుగుతున్నది అన్నా."

"అయితే నువ్వే చెప్పు. సోమవారం వచ్చి నువ్వు చెప్పిన కాడ సంతకం పెడ్త. తర్వాత నన్ను అనొద్దు."

నా జన్మల ఎన్నడన్న ఒకటి నేను చెప్పిన్నా? పుట్టింట్ల నాయిన చెప్పిండు, ఈడ ఆయన చెప్పిండు. రెండు దినాలు నాకు అన్నం సయించలే. పొయ్యి కాడ కూసుంటే నాంపల్లి, బాయి కాడికి పోతే ఆబిడ్స్. ఒక ఇంట్ల కూరల రెండుసార్లు ఉప్పేసిన. ఆఖరికి గడువు రేపనంగ, ఇతారం పొద్దుమీకి, "ఆబిడ్స్‌కే పోదాం బిడ్డా," అన్న. నోట్లకెంచి మాట ఎళ్ళంగనే తప్పు చెప్పిన్నేమో అనుకున్న.

సోమవారం పొద్దుగాల పక్కింటి వదినెను బతిమిలాడుకున్న. ముత్తైదువ గద, నీళ్ళ బిందె తోని పిల్లకు ఎదురు రమ్మన్న. వదినె పసుపు రాసుకొని, కొత్త చీర గట్టుకొని మరీ వచ్చింది. "సీటొస్తే లడ్డూలు తినిపియ్యాలె," అనుకుంట నిండు బిందె తోని ఎదురొచ్చింది. నా బిడ్డ ముందుగాల పోయింది. నేను తలుపు ఎనుక నిలవడ్డ. పిల్ల గల్లీ మలిగినంక బయటికి అడుగుపెట్టిన. ముండమోసినదాని మొకం మంచి పనికి ఎదురు రావద్దంటరు. ఎవరో అననక్కర లేదు, నాకు నేనే అనుకునేదాన్ని. మొజంజాహీ మార్కెట్ దాంక పిల్ల ముందు, నేను ఎనుక. పండ్ల దుకాండ్ల కాడ జనంల ఆమె జడ కనవడకపోతే ఉరికిన, కనవడంగనే మళ్ళ నిదానమైన.

కాలేజి గేటుకు ఎదురుంగ ఒక బట్టల దుకాణం. దాని చూరు కింద, కొంగు మొకం మీదికి గుంజుకొని నిలవడ్డ. మా అన్న గేటు కాడికే వస్త అన్నడు. రాలే. పిల్ల అటు ఇటు చూసి, ఒక్కతే లోపలికి పోయింది. మిగిలిన పిల్లల ఎంబడి కోటు ఏసుకున్న నాయినలు, నగలు పెట్టుకున్న తల్లులు.

ఎండెక్కింది. లక్డీకాపూల్ దిక్కుకెంచి వచ్చే ప్రతి సైకిలు మా అన్నదే అనిపిచ్చె. దుకాణం సేటు, "క్యా హోనా అమ్మా?" అన్నడు. ఏం వద్దని తలకాయ ఊపిన.

ఇంతల గేటు కాడికి ఒక ఆయమ్మ వచ్చి నా బిడ్డ పేరు పిలిచి, "ఈ పిల్లకు పెద్దోళ్ళు ఎవరన్న వచ్చిన్రా?" అని గట్టిగ అడిగింది. నేను సడక్ మీదికి ఒక కాలు పెట్టిన. లోపల ముచ్చట నడుస్తున్నది, సరిగ్గ గిప్పుడు నేను పోయి ఎదురుంగ నిలవడాల్నా అనిపిచ్చింది. కాలు ఎనుకకు తీసుకున్న. ఆయమ్మ ఇంకోసారి పిలిచి లోపలికి పోయింది. ఆమె పోంగనే పాణం ఉసూరుమన్నది. పిలిస్తే పోలే, ఇగ పిలువరేమో.

కొంచెమాగి నా బిడ్డనే వచ్చింది. మొకం ఎర్రగైంది. మోటర్లు ఆగేదాంక కూడ చూడలే, సడక్ దాటొచ్చి నా చెయ్యి పట్టుకున్నది.

"అమ్మా, రా."

"మామ వస్తడు బిడ్డా, జర ఆగు."

"మామ రాకపాయె. ఇంక ఇద్దరు పిల్లలే మిగిలిన్రు. పెద్దోళ్ళు లేకుంటే తీసుకోరంట."

"నేనెట్ల వస్తనే? మంచి పని, నా మొకం ఎదురువెట్టుకొని..."

"నాయిన పోయిన సంది తెల్లారి లేస్తే నీ మొకమే చూస్తున్న. ఒక్క పరీక్షల తప్పిన్నా?"

గుంజుకపోతే పోయిన.

లోపల పెద్ద మేడం, పక్కన ఇంకో పంతులమ్మ. కుర్సీ చూపిస్తే అంచుకు కూసున్న. వాళ్ళు ఇంగ్లీషు గురించి అడగలే, పిల్ల గురించి కూడ అడగలే. నన్నే అడిగిన్రు.

"అమ్మా, మీ అమ్మాయి ఇంగ్లీషు కొంచెం తక్కువే, నేర్చుకుంటుంది. మా భయం వేరు. ఏటా ఆడపిల్లలు సీటు తీసుకుంటారు, సంబంధం కుదిరితే మధ్యలో మానేస్తారు. ఆ సీటు ఇంకొకరికి పనికిరాదు. మీరు మధ్యలో మాన్పించరు కదా?"

మా దిక్కు గసొంటి మాట మొగోళ్ళిస్తరు. మా అన్న కొరకు తలుపు దిక్కు చూసిన. తలుపుల ఎవ్వరు లేరు. నా బిడ్డ నేల దిక్కు చూస్తున్నది, నా దిక్కు చూస్తలేదు.

"మాన్పియ్యనమ్మా," అన్న. నా గొంతు నాకే మొరటుగ ఇనవడ్డది. "నేను బతికున్నన్ని దినాలు మాన్పియ్య."

ఏలిముద్ర ఏసిన. బేస్తారంనాడు బోర్డు మీద పేర్లు పెడ్తమన్నరు. సర్టిఫికెట్లు ఆడనే ఉంచుకున్నరు.

బయటికి వస్తుంటే మా అన్న చెమటలు కక్కుకుంట సైకిలు దిగిండు. దఫ్తర్ల సాహెబు పిలిచి కూసోబెట్టిండంట. సంగతి చెప్పిన.

"సీటు ఇచ్చినమన్నరా?"

"బేస్తారం చెప్తరంట."

"పిచ్చిదానా! నాంపల్లిల ఇంక టైమున్నది. లోపలికి పోయి సర్టిఫికెట్లు వాపస్ తెస్త. ఆడ ఖాయం."

ఆయన మాటల తప్పు లేదు. నా కడుపుల ఔ అనే ఉన్నది.

"వద్దన్నా. మాటిచ్చిన."

"ఎవర్నడిగి ఇచ్చినవే?"

"నువ్వు రాకపోతివి గద."

బేస్తారం దాంక ఎట్ల గడిచిందో నాకే తెలుసు. బోర్డు కాడ నా బిడ్డ ఏలు పెట్టి చూపిస్తే, "నీదేనా, గా పేరుది ఇంకో పిల్ల ఉన్నదేమో చూడు," అని మళ్ళ మళ్ళ చదివిపిచ్చిన. ఆమెదే.

కాలేజి షురువైన నెలకే మా అన్న ఒక సంబంధం పట్టుకొచ్చిండు. పిల్లగాడు టపాల నౌకరీ, కట్నం అడుగరు, దసరా ఎళ్ళంగనే పెండ్లి కావాలంటున్నరు. మంచి సంబంధం. చాయ పెట్టి, గిలాస ఆయన ముందట పెట్టిన.

"చదువైనంక రమ్మను అన్నా."

"అప్పటిదాంక వాళ్ళుంటరా?"

"ఉండకపోతే పోనియ్యి."

చాయ ముట్టకుండనే లేసిండు. ఆయన సైకిలు గల్లీల మలిగేదాంక తలుపు పట్టుకొని నిలవడ్డ. ఒక్కసారి అన్నా అని పిలిస్తే ఎనుకకు వచ్చేటోడే. పిలువలే.