నిజం రాయించిన పాపం

తాగుడు మీద ఉపన్యాసం దంచడం నాకు వెన్నతో పెట్టిన విద్య. నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. ఏటా ఒక రోజు పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి, పాడైపోయిన కాలేయం బొమ్మ చూపించి, గంటసేపు భయపెట్టేదాన్ని. వాళ్లు చప్పట్లు కొట్టేవారు. సాయంత్రం అదే పిల్లలు ఫ్లైఓవర్ కింద కూల్‌డ్రింక్ సీసాలో కలుపుకున్నది చేతులు మార్చుకుంటూ కనిపించేవారు. నన్ను చూడగానే సీసా వెనక్కి దాచి "నమస్తే మేడం" అనేవారు. మర్యాదకేం లోటు లేదు.

తర్వాత కొత్త పథకం ఒకటి వచ్చింది. పదహారు, పదిహేడేళ్ల పిల్లల్లో తాగుడూ కొట్లాటలూ తగ్గించాలని ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు మా కాలేజీకి వచ్చి, మాలో కొందరికి మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. అందరికీ ఒకే ఉపన్యాసం పనికిరాదట. కొలతలు తీసుకుని జాకెట్టు కుట్టినట్టు, ఎవరి సంగతికి తగిన ఉపాయం వాళ్లకు చూడాలట. ముందు ప్రతి పిల్లవాడూ ఒక ప్రశ్నపత్రం నింపాలి. మొదటిసారి ఎక్కడ తాగావు, ఎవరు పోశారు, ఎవరిని కొట్టావు, ఎందుకు కొట్టావు. ఏడాది చివర అదే పత్రం మళ్లీ నింపించి తేడా చూస్తారు. పిల్లలు రాసింది వాళ్లను అడగకుండా ఇంట్లోవాళ్లకు చెప్పొద్దని శిక్షణ ఇచ్చినావిడ మూడుసార్లు చెప్పింది. నేను మూడుసార్లూ తల ఊపాను. నోట్సులో ఆ మాట కింద గీత కూడా గీసుకున్నాను.

నాకు అప్పగించిన పిల్లల్లో సెకండియర్ కుర్రాడు ఒకడు. వాడు కప్ప గుండె బొమ్మ గీస్తే చూసి మేమే నేర్చుకోవాలి, అంత బాగా గీసేవాడు. ఆ చేత్తోనే తోటివాళ్ల మూతులు పగలగొట్టేవాడు. చివరికి టిఫిన్ బాక్సుతో ఒకడి నుదురు చీల్చాడు. ప్రిన్సిపల్ టీసీ రాయడానికి సిద్ధమయ్యారు. పరీక్షల ఏడాది మధ్యలో టీసీ చేతిలో పెడితే వాడి చదువు గోవిందా. పరీక్షల దాకా నాకు వదిలేయమని ప్రిన్సిపల్‌ని బతిమాలి, వాడికి నేను పూచీ పడ్డాను.

వాడు మొదట ప్రశ్నపత్రం ఖాళీగా తెచ్చిచ్చాడు.

"రాస్తే మా ఇంట్ల చెప్తరు మేడం."

"చెప్పను. నా మీద ఒట్టు."

నా ముఖంలోకి కాసేపు చూసి, అక్కడే నిలబడి రాశాడు. మొదటిసారి తాగింది పదమూడో ఏట. పోసింది తండ్రి. ఆదివారం ఇంట్లో మటన్ వండిన పూట, మొగపిల్లగాడు ఇంట్ల తాగితే బయట చెడిపోడు అంటూ గ్లాసు ముందు పెట్టాడట. అప్పటినుంచి ప్రతి ఆదివారం అంతే. మూడో గ్లాసు అయ్యాక తండ్రి తల్లిని కొడతాడు. కొడుకు తాగిన మత్తులో గోడవైపు తిరిగి పడుకుంటాడు. "మా అమ్మ నన్ను పిలుస్తది. నేను లేవ" అని చివర రాశాడు.

స్టాఫ్‌రూంకి వెళ్లి క్రమశిక్షణ రిజిస్టర్ తెరిచాను. వాడి కొట్లాటలన్నీ సోమవారాలే. ఏడాదిగా ఆ రిజిస్టర్‌లో మేమే తేదీలు వేసి, మేమే సంతకాలు పెట్టాం. ఒక్కరికీ తట్టలేదు. మా చదువులు తగలెయ్య.

ఉపాయం నేనే ఆలోచించాను. అశోక్‌నగర్‌లో మా ఇంటికి ఆదివారం మధ్యాహ్నాలు రమ్మన్నాను. ల్యాబ్‌కి ఛార్టులు కావాలి, గీసేవాడు లేడు, ఇంట్లో అలాగే చెప్పమన్నాను.

"మరి మా అమ్మ మేడం?" అన్నాడు.

"ముందు నువ్వు నిలబడు, తర్వాత అమ్మకు నువ్వే అండ అవుతావు" అన్నాను. అలాంటి మాటలు మాకు బాగా వచ్చు.

వాడు వచ్చాడు. చిక్కడపల్లి నుంచి నడుచుకుంటూ, స్కేలూ పెన్సిళ్లూ ఒక సంచిలో వేసుకుని వచ్చేవాడు. మా హాల్లో నేల మీద పడుకుని గీసేవాడు. పప్పూ ఆవకాయా పెడితే సిగ్గుపడుతూనే రెండోసారి అన్నం పెట్టించుకునేవాడు. ఆరు ఆదివారాలు వచ్చాడు. ఆరు సోమవారాలూ రిజిస్టర్‌లో వాడి పేరు లేదు. ఆరో సోమవారం వాడు నుదురు చీల్చిన పిల్లవాడి పక్కనే కూర్చుని సమోసా పంచుకుని తింటుంటే చూశాను. ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఆ పొంగే కొంప ముంచింది.

ఆ వారంలోనే పేరెంట్స్ మీటింగ్ వచ్చింది. మా దగ్గర పిల్లల విషయంలో ఏం జరిగినా తండ్రిని పిలిపించాల్సిందే. మార్కులు తగ్గితే తండ్రి, పెరిగితే తండ్రి, జుట్టు పెరిగితే తండ్రి. ఇంటి పెద్ద చెవిన వేయనిదే పని పూర్తయినట్టు మాకు అనిపించదు. వాడి తండ్రి ఏదో ఆఫీసులో సూపరింటెండెంటు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, చేతిలో స్వీట్ డబ్బా. కొడుకుని పక్కన నిలబెట్టుకుని నాకు రెండు చేతులూ జోడించాడు.

"మేడం, మీరు మా పోరనికి తల్లి అసొంటోళ్లు. వాని గురించి ఇంత పరేషాన్ అయితున్నరు."

అంతే, కరిగిపోయాను. ఇంత మెత్తని మనిషికి నెమ్మదిగా చెబితే వినడా అనుకున్నాను. పైగా నేను ఫిర్యాదు చేయలేదు, మెచ్చుకున్నాను.

"మీవాడు చాలా నిజాయితీపరుడండీ. ఇంట్లో జరిగేదంతా దాచకుండా రాసిచ్చాడు. ఆదివారాలు మీరు కూడా కొంచెం చూసుకుంటే బంగారంలాంటి పిల్లవాడు."

తండ్రి నవ్వు చెదరలేదు. "గట్లనా మేడం. మంచిగ చెప్పిండు" అని కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. వాడు నా వైపు చూశాడు. వాడి మొహంలో కోపం ఉన్నా బాగుండేది. ఈవిడా అందరిలాంటిదే అని తేల్చుకున్నట్టు చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు నా ఒట్టు.

ఏడో ఆదివారం వాడు రాలేదు. సోమవారం కుడిచేతి వేళ్లకు కట్టుతో కాలేజీకి వచ్చాడు. అడిగితే "తలుపుల పడ్డయి మేడం" అన్నాడు. ప్రిన్సిపల్‌తో చెప్పాను. "అది వాళ్లింటి విషయం మేడం, కాలేజీ పేరు బయటికి లాగొద్దు" అన్నారు. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు నోటీసు బోర్డు మీదే ఉంది. నా చేత్తో నేనే అంటించాను. రెండుసార్లు దాని ముందు నిలబడి, ఫోన్ తీసి, మళ్లీ పర్సులో పెట్టేసుకున్నాను. ఎవరు చెప్పారో ఆరా తీస్తారని భయం. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లుంది. ఇంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు, ఉందని ఇప్పుడు అబద్ధం చెప్పను.

వాడు మళ్లీ ఎవరినీ కొట్టలేదు. అది నా గొప్ప కాదు. వేళ్లు మానలేదు, పెన్ను పట్టుకోవడమే కష్టంగా ఉండేది. సమోసా పంచుకున్న స్నేహితుడి పక్కన కూర్చోవడమూ మానేశాడు. రికార్డులో బొమ్మలు వేరేవాళ్ల చేత గీయించుకున్నాడు.

పరీక్షల ముందు చివరి ప్రశ్నపత్రం వచ్చింది. వాడు ఎడమచేత్తో నిమిషంలో నింపేశాడు. తాగుతావా, లేదు. ఇంట్లో ఎవరైనా పోస్తారా, లేదు. ఇంట్లో కొట్లాట ఉందా, లేదు. కాగితం నాకివ్వడానికి వంగినప్పుడు నోట్లో నములుతున్న సోంపు వాసన, దాని కిందినుంచి మందు వాసన. ఆ రోజు బుధవారం.

"నిజం రాయి నాన్నా" అన్నాను.

"నిజం రాస్తే ఏమైతదో మీకు ఎరుకే గద మేడం."

గొంతు పెంచలేదు. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను ఆ కాగితాన్ని మిగతావాటితో కలిపి కట్టకట్టి పంపాను.

మొదటి పత్రానికీ రెండో పత్రానికీ అందరికంటే ఎక్కువ తేడా కనిపించింది వాడిలోనేనట. సంస్థవాళ్లు ముగింపు సభ పెట్టి నాకు శాలువా కప్పారు. ఆ పిల్లవాణ్ని ఎలా మార్చారో రెండు మాటలు చెప్పమన్నారు. లేచి పది నిమిషాలు మాట్లాడాను.