రేవు దగ్గర నల్లద్దాలు

పువ్వు బొమ్మ ఉన్న ఆడవాళ్ళ కళ్ళద్దాలు తీసుకొని ఉంటే నాకేమీ అయ్యేది కాదు. రెండు జతలూ నా ముందే ఉన్నాయి. రెండూ చేసే పని ఒకటే. నేను మగవాణ్ణి కదా, అందుకని బంగారు ఫ్రేముది తీసుకున్నాను. నా మొండితనాలు మా ఇంట్లో అందరికీ తెలిసినవే గానీ, ఇంత ప్రాణం మీదికి తెచ్చింది మాత్రం ఇదొక్కటే.

ఎనభైల నడుమ సంగతి. మంథని నుంచి బస్సులో పోతే గోదావరి ఒడ్డున వచ్చే ఒక ఊరిలో నేను హైస్కూలు సైన్సు సారును. ఆదివారం వస్తే గాలం పట్టుకొని రేవు పక్కన బండ మీద కూర్చునేవాణ్ణి. నాకు పేకాట రాదు, మందు అలవాటు లేదు. నాకున్నదల్లా ఆ గాలం ఒక్కటే. వల వేసి బతికే ఒక బెస్తాయన, తన పని ముగించుకొని వచ్చి నా పక్కన కూర్చొని చుట్ట ముట్టించేవాడు. ఏ నీళ్ళలో కొర్రమట్ట ఉంటుందో, ఏ ఎరకు జెల్ల వస్తుందో చెప్పేవాడు. చెప్పినంత చెప్పి, నేను పట్టిన చేపను చూసి నవ్వేవాడు.

ఎండ ఎక్కాక గోదావరి నీళ్ళను చూడటం ఒక శిక్ష. తళుకు కళ్ళలో గుచ్చేది, సాయంత్రానికి తల పగిలిపోయేది. కరీంనగర్‌లో కండ్ల డాక్టరు కంట్లో కండ పెరుగుతోందని చెప్పి, "నీళ్ళ దిక్కు చూసుడు బంద్ చెయ్యిండ్రి, లేకుంటే మంచి అద్దాలన్న పెట్టుకోండ్రి" అన్నాడు. నేను రెండోదే విన్నాను.

మంచి అద్దాలంటే ఏవో నాకు తెలుసు. నీళ్ళ మీద తగిలి వచ్చే వెలుగు చాలావరకు అడ్డంగా ఊగుతూ వస్తుంది. పోలరైజ్డ్ అద్దం నిలువు చువ్వల కిటికీ లాంటిది. చువ్వల మధ్య నుంచి కాగితాన్ని నిలువుగా దూర్చితే దూరుతుంది, అడ్డంగా దూరదు. ఆ తళుకు ఆగిపోతే నీళ్ళ అడుగు కనిపిస్తుంది. ఈ పాఠం ఎన్నోసార్లు చెప్పాను గానీ, అటువంటి అద్దాన్ని కళ్ళతో చూసింది లేదు.

కరీంనగర్ బజారులో దుకాణం దుకాణం తిరిగాను. దొరికిన ప్రతి జతా పెట్టుకొని, గల్లాపెట్టె పక్కనున్న గాజు బల్ల మీద ట్యూబులైటు మెరుపును చూస్తూ తలను కుడికీ ఎడమకూ వాల్చేవాణ్ణి. అసలైనదైతే తల నిటారుగా ఉన్నప్పుడు మెరుపు తగ్గాలి, వాల్చినప్పుడు మళ్ళీ రావాలి. ఎక్కడా తగ్గలేదు. "సారూ, మెడ పట్టుకున్నదా?" అని ఒక సేటు అడిగాడు. ఇంకొకాయన, "కండ్లకలకనా? జర దూరం నిలవడుండ్రి" అన్నాడు. ఆయన తప్పు లేదు. మా దిక్కు నల్లద్దాలు పెట్టేది కండ్లకలక వచ్చినవాళ్ళు, కంటి ఆపరేషన్ అయినవాళ్ళు. మూడో రకం కూడా ఉన్నారు. ఆ దుకాణంలో నాకది తట్టలేదు.

చివరికి మా స్కూల్లో పనిచేసే ఒక సారు బావ దుబాయి నుంచి వచ్చాడంటే ఆయన ఇంటికి పోయాను. ట్రంకుపెట్టె తెరిచి, టవలులో చుట్టిన రెండు జతలు బయటికి తీశాడు. ఒకదాని అద్దం మీద ఇంకొకదాని అద్దాన్ని అడ్డంగా పెట్టి వెలుతురుకు పట్టాను. చీకటి. నా గుండె ఎగిరింది. రెండూ అసలువే. ఒకటి గోధుమ రంగుది, గుండ్రంగా, పక్కన తెల్ల పువ్వు బొమ్మతో. పెండ్లాం కోసం తెస్తే ఆమె సిగ్గుపడి పెట్టుకోలేదట. రెండోది ముదురాకుపచ్చ, బంగారు తీగ ఫ్రేము, నీటిచుక్క ఆకారం.

"గీ పువ్వుది తీసుకోండ్రి సారూ. కండ్లకు ఇదే సల్లగుంటది" అన్నాడాయన.

"ఆడోళ్ళయి పెట్టుకొని పిల్లలకు పాఠమెట్ల చెప్పాలె?" అన్నాను. బడిలో పెట్టుకోవడానికి కొంటున్నట్టు!

మొదటి ఆదివారం గోదావరి నా కోసం తెరుచుకుంది. ఇన్నేళ్ళూ పైన పైన చూసిన నీళ్ళ కింద గులకరాళ్ళున్నాయి, పాచి ఊగుతోంది, జెల్లలు గుంపుగా తిరుగుతున్నాయి. పట్టలేని సంతోషంతో బెస్తాయనకు అద్దాలు ఇవ్వబోయాను. ఆయన చేయి చాపలేదు.

"మీకు చేపలు కనవడుతున్నయేమో సారూ. మాకు మీ కండ్లు కనవడుతలెవ్వు" అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. తర్వాతి ఆదివారం నుంచి ఆయన నా పక్కకు రాలేదు.

రేవుకు అవతలి ఒడ్డు నుంచి అడవి మొదలు. అక్కడి నుంచి అన్నలు, అదే నక్సలైట్లు, వచ్చిపోతారని ఊరిలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. వాళ్ళ కోసం మఫ్టీలో పోలీసులు వస్తారనీ తెలుసు, అదీ అనరు. లుంగీ కట్టి, భుజాన తువ్వాల వేసుకున్నా, కురచ జుట్టు, బంగారు ఫ్రేము నల్లద్దాలు వాళ్ళను పట్టిచ్చేవి. అదే మూడో రకం. ఇక మూడో రకానికి కబురందించేవాడికి ఒక పేరుంది, ఇన్ఫార్మర్. ఆ పేరు పడ్డ మనిషి తెల్లారి బతికి ఉంటాడన్న నమ్మకం లేదు. నేనేమో ఆదివారం ఆదివారం, అందరూ దాటే రేవు పక్కన, ఎటు చూస్తున్నానో తెలియకుండా, గంటల తరబడి కూర్చుంటున్నాను.

మొదట చాయ్ హోటల్లో మాటలు ఆగిపోవడం మొదలైంది. నేను పోయేసరికి అందరూ గ్లాసుల్లోకి చూసేవాళ్ళు. తర్వాత బోరింగు దగ్గర ఒకామె మా ఆవిడను అడిగిందట, "మీ సారు రేవుకాడ కూసోని ఎవరెవరిని సూస్తుండు?" అని. బిందె సగం నిండకముందే మా ఆవిడ ఇంటికి వచ్చేసింది.

"గవి పారెయ్యుండ్రి. గాలం సుత పారెయ్యుండ్రి. నా పుస్తెలు నిలవాలె" అంది.

"నా కండ్లు, నా అద్దాలు. నేనేం తప్పు చేసిన? ఎవనికి భయపడాలె?" అని గట్టిగా అరిచాను.

భయపడ్డాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, చాలా భయపడ్డాను. కానీ ఉన్నట్టుండి అద్దాలు తీసేస్తే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కాదా? ఆ లెక్కతో రేవు దగ్గరే కాదు, బడి దారిలోనూ పెట్టుకుంటూనే పోయాను. అది ధైర్యమని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

అట్లా రెండు నెలలు గడిచాయి. ఒకనాడు బడి విడిచి వస్తుంటే చాయ్ హోటల్ ముందు పోలీసు జీపు ఆగింది. ఎస్సై దిగాడు. ఆయన కళ్ళకు బంగారు ఫ్రేము, ముదురాకుపచ్చ అద్దాలు. నా కళ్ళకూ అవే. ఇద్దరం ఎదురెదురుగా నిలబడితే అన్నదమ్ముల్లా ఉండి ఉంటాం.

"ఏం సార్! మస్తుగున్నయే అద్దాలు. ఎక్కడియి?" అని నవ్వుతూ నా కళ్ళ మీది నుంచి తనే తీసుకొని పెట్టుకున్నాడు. తనవి నా చేతికిచ్చాడు. ఆకాశం చూశాడు, జీపు అద్దం చూశాడు, మెచ్చుకున్నాడు. నావి నాకు తిరిగిచ్చి భుజం మీద చేయి వేశాడు.

"ఐతారం పూట రేవుకాడనే ఉంటరట గదా. ఏం పడుతున్నయ్?"

"జెల్లలు సార్."

"పెద్ద చేపలు పడితె మాకు గూడ చెప్పుండ్రి" అని భుజం తట్టి జీపెక్కాడు.

అది వేళాకోళమో, అసలు మాటో నాకు ఈనాటికీ తెలియదు. హోటల్లో అందరూ చూశారు. జీపు పోయాక ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. ఇక నా పని అయిపోయిందని అనుకున్నాను. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. చెప్పకముందే మా ఆవిడకు తెలిసింది. ఆమె ఈసారి అద్దాలు పారెయ్యమనలేదు. నాకు అన్నం వడ్డించి, నేను తింటున్నంతసేపూ వాకిలి వైపు చూస్తూ కూర్చుంది. 

ఆదివారం పోవాలా వద్దా? పోతే కాపలా కాస్తున్నాడంటారు. పోకపోతే కబురు చెప్పడం అయిపోయింది కాబట్టి రాలేదంటారు. ఎటు తిరిగినా గోడే. పోయాను. అద్దాలు చొక్కా జేబులో పెట్టుకున్నాను, నా కళ్ళు అందరికీ కనపడాలని. కాసేపటికి తళుకు తట్టుకోలేక, కండ మంట పుట్టి, తీసి పెట్టుకున్నాను.

అప్పుడు వచ్చాడొకాయన. నలభై ఏళ్ళుంటాయి. ఉతికిన చొక్కా, సంచి, పగిలిన పాదాలు. ఆ ఊరివాడు కాదు. మూరెడు దూరంలో బండ మీద కూర్చున్నాడు. ఎవరో నేను అడగలేదు, అడగాల్సిన పని లేదు.

"ఏం కనవడతది సారూ గా అద్దాల నుంచి?" అన్నాడు మెల్లగా.

తీసి ఇచ్చాను.  అద్దాలు పెట్టుకొని నీళ్ళలోకి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. "అబ్బ! అడుగు రాళ్ళు సుత లెక్కవెట్టచ్చు" అన్నాడు. ఆ గొంతులో సంతోషం విని నాకు కొంచెం ఊపిరి వచ్చింది.

అంతలో నా వైపు తిరిగాడు. అద్దాల్లో నేను రెండుగా, చిన్నగా కనిపించాను. ఆయన కళ్ళు కనపడలేదు. నా ముఖం చూస్తున్నాడా, మెడ చూస్తున్నాడా, నా వెనక ఎవరికైనా సైగ చేస్తున్నాడా? వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. రెండు నెలలు ఊరంతటికీ నేను చేసింది ఇదేనని అప్పుడు తెలిసింది.

"ఎస్సై ఏం జెప్పిండు?"

దాస్తే అబద్ధమవుతుంది, చెప్తే నేరమవుతుంది. నోరు దానంతటదే చెప్పేసింది. "అద్దాలు ఎక్కడియని అడిగిండు. పెద్ద చేపలు పడితె చెప్పుమన్నడు."

"మరి చెప్పినవా?"

అప్పటిదాకా సారూ అన్న మనిషి నువ్వులోకి దిగాడు. 

"నాకు పడేటియి జెల్లలే" అన్నాను.

ఆయన మళ్ళీ నీళ్ళ వైపు చూశాడు. అంతలో గాలం తాడు బెండు ఒక్కసారి మునిగింది. "మింగింది! గుంజు సారూ, గుంజు!" అని ఆయన అరిచాడు. నా చేయి లేవలేదు. గాలం కర్ర జారి నీళ్ళలో పడి, చేప ఎటు లాగితే అటు పోయింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

ఆయన లేచి, అద్దాలు తీసి, మడిచి, తన చేత్తోనే నా చొక్కా జేబులో పెట్టాడు. మామూలు కళ్ళు. నిద్ర లేని కళ్ళు.

"ఇంటికి పో సారూ. నీకు చేపలు పట్టుడు రాదు" అన్నాడు.

పోయి రేవులో ఆగి ఉన్న తెప్ప ఎక్కాడు. గెడ పట్టుకున్నది నా బెస్తాయనే. నా వైపు చూడలేదు. నన్ను వాళ్ళకు చూపించాడో, నా తరఫున ఒక మాట చెప్పాడో, నేను ఎన్నడూ అడగలేదు. తెప్ప అవతలి ఒడ్డుకు చేరేదాకా కదలకుండా కూర్చున్నాను. లేవబోతే లుంగీ తడిసి తొడలకు అంటుకుంది.

ఇంటికి పోయేసరికి మా ఆవిడ గడపలోనే నిలబడి ఉంది. "నీళ్ళల్ల వడ్డరా?" అంది.

"ఆ. కాలు జారింది."

ఆమె నా పాదాల వైపు చూసింది. వాటి మీద దారి దుమ్ము పొడిగా అట్లాగే ఉంది. వేరే లుంగీ ఇచ్చి, తడిదాన్ని బకెట్లో వేసి, తలుపు గడియ పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది.

"మల్ల రమ్మన్నరా?" అని అడిగింది.

"లే. ఇంటికి పొమ్మన్నడు."

అప్పుడు ఏడ్చింది.