నాలుగు ఊళ్ళ చార్టు

డిపోలో ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. గీతలాయన అంటే చాలు, డ్రైవర్ల దగ్గర్నుంచి గేటు కాపలాదారు దాకా అందరికీ తెలుసు. ఏ బస్సు ఏ నిమిషానికి ఏ స్టాపులో ఉండాలో చెప్పే చార్టులు ముప్పై ఒక్క ఏళ్ళ పాటు ఆయన చేత్తోనే తయారయ్యాయి. రిటైరై మూడేళ్ళయినా, వీధి చివర బస్సు మలుపు తిరిగే చప్పుడు వినబడితే ఆయన చూపు దానంతటదే గోడ గడియారం మీదికి పోతుంది. ఒక్క నిమిషం ఆలస్యమైందంటే, తన మాట ఎవరో కాదన్నట్టు నొచ్చుకుంటాడు.

ఆ పని ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పంతొమ్మిదో ఏట బస్సులు కడగడానికి చేరాడు. మేడ మీద చిన్న గదిలో చార్టులు గీసే ముసలి మాస్టారు ఒకాయన ఉండేవాడు. నేర్పమంటే నేర్పేవాడు కాదు, పొమ్మని కసిరేవాడూ కాదు. గీత తప్పిన గ్రాఫు కాగితాలను మాత్రం ఉండచుట్టి కిటికీలోంచి కిందికి విసిరేవాడు. ఈయన వాటిని ఏరుకుని, తొడ మీద సాఫు చేసుకుని, భోజనం వేళ బస్సు మెట్ల మీద కూర్చుని చూసేవాడు. అడ్డంగా గంటలు, నిలువుగా స్టాపులు, మధ్యలో ఒక్కో బస్సుకు ఒక్కో ఏటవాలు గీత. గీత నిటారుగా ఉంటే బస్సు జోరు మీదుందని, వాలితే నెమ్మదించిందని, పడుకుంటే ఆగిపోయిందని ఎవరూ చెప్పకుండానే పట్టేశాడు. రెండేళ్ళు గడిచాక ఒకరోజు గోడకు అంటించిన కొత్త చార్టులో రెండు బస్సులు ఇరుకు వంతెన మీద ఒకే నిమిషంలో ఎదురుపడడం కనిపించింది. మేడెక్కి, నోటితో ఏమీ అనకుండా, బకెట్లోంచి తీసిన వేలు అలాగే ఆ చోట ఆనించాడు. మాస్టారు ఆ తడి మరక వంక చాలాసేపు చూసి, ఒక పెన్సిలు ఆయన వైపు దొర్లించాడు. దాంతో ఉద్యోగం మారింది.

ఆయనకు గిట్టనిది ఒక్కటే, పడుకున్న గీత. ఇక్కడ బస్సు ఊరికే నిలబడిందంటే అక్కడెక్కడో జనం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారని అర్థం. నిలబడే నిమిషాలను ఒక్కొక్కటిగా కోసిపారెయ్యడానికి ఆయన పెట్టింది పేరు.

ఆ డిపోలో ఇంకో పద్ధతి ఉండేది. ఎంత గొప్పవాడు గీసిన చార్టయినా ట్రయల్ తిరగకుండా నోటీసు బోర్డెక్కేది కాదు. జనానికి బదులు సీట్లలో ఇసుక బస్తాలు వేసి బస్సును దారంతా తిప్పేవారు. గీసినవాడు ముందు సీట్లో గడియారం పట్టుకుని కూర్చోవాలి. పెళ్ళైన కొత్తలో ఒక ఆదివారం భార్యను కూడా ఎక్కించుకున్నాడు. బస్తాల మధ్య ఆమె ఒక్కతే మనిషి. డ్రైవరు ప్రతి స్టాపులోనూ బండి ఆపి, వెనక్కి తిరిగి, అమ్మగారు దిగుతారా అని ఎంతో మర్యాదగా అడిగేవాడు. తన పెళ్ళి ముచ్చట బస్తాల సాక్షిగా తీరిందని ఆమె ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఆమె పని మందుల షాపులో. ముప్పై ఏళ్ళు కౌంటరు వెనక నిలబడింది. ఎప్పుడో ఒక మందుల కంపెనీ పంపిన క్యాలెండరు ఆ కౌంటరుకు ఎదురుగా వేలాడేది. పన్నెండు నెలలకు ఒకే పరదేశంలోని పన్నెండు ఊళ్ళు. ఏడాది అయిపోయింది, తారీకులు పనికిరాకుండా పోయాయి, క్యాలెండరు మాత్రం గోడ దిగలేదు. అందులో ఆమె నాలుగు ఊళ్ళు ఏరుకుంది. సరస్సు ఊరు, కాలవల ఊరు, కొండ మీది ఊరు, సముద్రపొడ్డు ఊరు. షాపు మానేసిన రోజు దాన్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చింది.

ఈలోపు ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. ఏడాది చివర రెండింటికీ ఆపరేషన్ తప్పదని డాక్టరు తేల్చాడు. ఆ తర్వాత నడక ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఆ సాయంత్రమే ఆమె క్యాలెండరు విప్పి బల్ల మీద పరిచి, భర్తకు ఒక్క షరతు పెట్టింది.

"దారిలో అలిసిపోతే ఊరు చేరాక నాకు మంచం తప్ప ఏమీ కనబడదు. అలుపు లేకుండా తీసుకెళ్తానంటే వస్తా. లేదంటే ఇంట్లోనే ఉంటా. బతిమాలొద్దు."

రెండు వీధుల అవతల ఉండే కూతురు, మూడు వారాల తర్వాతి శనివారం సాయంత్రం వచ్చి టికెట్లు తీస్తానంది. అది దాటితే సీజను మొదలైపోతుందని, మళ్ళీ సీట్లు దొరికేసరికి ఆపరేషన్ తారీకు వచ్చేస్తుందని కూడా చెప్పింది.

మధ్యలో బావమరిది ఒకడు. విదేశం ఒక్కసారే వెళ్ళొచ్చినా, దాని గురించి చెప్పడం మాత్రం ఇంకా పూర్తి కాలేదు. కాలికి బలపం కట్టుకుని పదకొండు రోజుల్లో తొమ్మిది ఊళ్ళు తిరిగాడట. పొద్దున అయిదింటికి లేపి బస్సెక్కిస్తారు, చీకటి పడ్డాక దింపుతారు, మనం బుర్ర పెట్టక్కర్లేదు బావా అని ఊదరగొట్టాడు. ఏం చూశావురా అని అక్క అడిగితే ఫోను తీసి ఫొటోలు దొర్లించాడు. ఏ గోపురం ఏ ఊరిదో చెప్పలేక తల ప్రాణం తోకకొచ్చింది. గీతలాయన లోపలికెళ్ళి గ్రాఫు కాగితం తెచ్చుకున్నాడు.

మూడు వారాలు ఆయనకు అన్నం సహించలేదు, నిద్ర గుర్తు రాలేదు. కూతురు తీసిచ్చిన ఆ దేశపు రైళ్ళ పట్టికలు బల్లంతా పరుచుకున్నాడు. పెన్సిళ్ళు చెక్కాడు. పదమూడు రోజులు, నాలుగు ఊళ్ళు. కొండ ఊరికి రెండు బళ్ళు మారాలి. సముద్రానికి మూడు. మారే చోట పదకొండు నిమిషాలొకచోట, తొమ్మిదొకచోట. గురువారం మధ్యాహ్నానికి చార్టు పూర్తయింది. మాస్టారే ఉంటే పెన్సిలు డబ్బా మొత్తం తన వైపు దొర్లించేవాడని ఆయనకు అనిపించింది.

"ఒక్క నిమిషం వృథా లేదు" అని భార్య ముందు పెట్టాడు.

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి రోజు దగ్గర వేలు పెట్టి, చీటీలో మందులు సరిచూసుకున్నట్టు ఒక్కో గీతా దాటుకుంటూ పదమూడో రోజు దాకా వెళ్ళింది. చివర ఆగి తలెత్తింది.

"ఏమండీ, ఇందులో నేనెక్కడ కూర్చోవాలి?"

"రైల్లో కూర్చుంటావుగా."

"రైల్లో కాదు. ఊళ్ళో."

ఆయన, పదకొండు నిమిషాలంటే తక్కువేం కాదని, ప్లాట్‌ఫారాలు పక్కపక్కనే ఉంటాయని ఏదో చెప్పబోయాడు. ఆమె కాగితం మడిచి ఆయన చేతికిచ్చింది.

"సరే, మీ డిపో పద్ధతే పెట్టండి. రేపు ట్రయల్ తిరుగుదాం. నన్ను ఇసుక బస్తా అనుకోండి."

శుక్రవారం పొద్దున రెండు సూట్‌కేసుల్లో పాత పేపర్లు, దుప్పట్లు కుక్కి, అక్కడికి తీసుకెళ్ళేంత బరువు తూచి మరీ నింపారు. కొండ ఊరికి వెళ్ళే రోజును ఎంచుకున్నారు. ఇల్లే హోటలు, సిటీ బస్సులే రైళ్ళు. పెద్ద స్టాండు దగ్గర రోడ్డు దాటించే మెట్ల వంతెనే రైలు మారే చోటు. రెండు మార్పులు, మొదటిదానికి పదకొండు నిమిషాలు. ఆయన మెడలో పాత స్టాప్‌వాచీ వేసుకున్నాడు. ఎదురింటివాళ్ళు ఎక్కడికండీ అని అడిగితే, వంతెన దాకా అని ఆమె నిజమే చెప్పింది.

మొదటి బస్సు చెప్పిన నిమిషానికి దింపింది. వంతెనకు నలభై రెండు మెట్లు. పక్కన లిఫ్టు ఉంది కానీ, దాని ముందు పిల్లల బళ్ళతో, సామాన్లతో బారెడు వరస. ఆమె కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించుకుంటూ ఎక్కసాగింది. ఆయన రెండు పెట్టెలూ ఎత్తుకుని చకచకా పైకెళ్ళాలనుకున్నాడు. ఇరవయ్యో మెట్టు దగ్గర ఊపిరి అందలేదు. ఒక పెట్టె అక్కడే దించి, రెండోది పైన పెట్టి, మళ్ళీ కిందికొచ్చాడు. ఆమె మోకాళ్ళ సంగతి తెలుసు గానీ, తన ఊపిరి సంగతి ఏ చార్టులోనూ రాసుకోలేదు. ఇద్దరూ అవతలి మెట్లు దిగేసరికి బస్సు కదిలిపోయింది.

"పది ఇరవై మూడు. సెకను తేడా లేదు" అన్నాడు ఆయన, దాని వెనక అద్దం వంకే చూస్తూ.

"మెచ్చుకుంటున్నారా, తిట్టుకుంటున్నారా?" అని ఆమె బెంచీ మీద కూలబడింది.

తరువాతి బస్సు నలభై నిమిషాలకు. ఆయన పెట్టెలు పక్కన చేర్చి కూర్చున్నాడు. రోడ్డుకు అవతల పాత డిపో గోడ. గేటుకు కొత్త రంగు వేశారు. మేడ మీది గది మాత్రం అలాగే ఉంది, కిటికీ సగానికి ఏసీ డబ్బా అమర్చారు, అంతే. కాగితపు ఉండలు పడే చోటు ఎక్కడో ఆయన వేలితో చూపించాడు. వానాకాలంలో అవి నీళ్ళలో తేలేవట, కాలువలో కొట్టుకుపోకుండా చీపురుతో ఆపేవాడట. చార్టు గీసే మాస్టారు పోయిన రోజున డిపో మొత్తం నిమిషం పాటు ఆగిందని, ఆ నిమిషాన్ని మర్నాటి చార్టులో ఎలా సర్దాలో తెలియక తను ఏడ్చాడని కూడా చెప్పాడు. పెళ్ళై ఇన్నేళ్ళయినా ఆ సంగతి ఆమెకు చెప్పింది అప్పుడే. అలా పనేమీ లేకుండా ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నదీ ఎప్పుడో ఆయనకు గుర్తు రాలేదు.

"ఆ నాలుగు ఊళ్ళే ఎందుకు ఏరానో మీరు ఎప్పుడూ అడగలేదు" అంది ఆమె, మోకాళ్ళు రుద్దుకుంటూ.

"బాగున్నాయని ఏరావనుకున్నా."

"పన్నెండూ బాగున్నాయి. ఆ నాలుగింటిలోనే కూర్చునే చోటు ఉంది. సరస్సు పక్కన ఆకుపచ్చ బెంచీ. కాలవ ఒడ్డున రాతి అరుగు. రద్దీ వేళల్లో కాళ్ళు లాగేస్తుంటే, వెళ్ళి కాసేపు అక్కడ కూర్చుని వచ్చేదాన్ని. ఎదుటివాడికి చిల్లర ఇచ్చేలోపు వెళ్ళిరావడమే. రోజుకు ఎన్నిసార్లు వెళ్ళానో."

ఆయన స్టాప్‌వాచీ మెడలోంచి తీసి జేబులో వేసుకున్నాడు.

"నేను బస్సుకు చార్టు గీశాను. అందులో నిన్ను బస్తాలా కూర్చోబెట్టాను."

"బస్తాకు మోకాళ్ళుండవు, దాని పని నయం" అని ఆమె నవ్వింది.

నలభై నిమిషాలకు బస్సు వచ్చింది. ఆయన అలవాటుగా లేచి పెట్టె అందుకున్నాడు. ఆమె లేవలేదు. తలుపు తెరిచి ఎదురుచూస్తున్న డ్రైవరుకు, వెళ్ళిపొమ్మని ఆయనే చెయ్యి ఊపాడు. తెలిసి తెలిసి బస్సును వదిలెయ్యడం ఆయనకు అదే మొదలు.

ఆ సాయంత్రం చార్టు కొత్తగా మొదలైంది. ఏ ఊళ్ళు మానాలో ఆమే చెప్పింది. కొండ ఊరును సులువుగానే వదిలేసింది. సముద్రం బొమ్మ దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. కాసేపు దాన్నే చూసి, మూడు బళ్ళు మారలేను లెండి అని క్యాలెండరు మూసేసింది. ఆయన పెన్సిలు అందుకున్నాడు. ఇక చేసేదేముంది, ఉన్న రెండింటినీ సరిగ్గా గీయడం తప్ప.

గీశాడు. ఒక ఊళ్ళో విమానం దిగి రెండో ఊరి నుంచి నేరుగా ఇంటికి ఎగరొచ్చని కూతురు ఫోనులో చెప్పింది, కాబట్టి వెళ్ళిన దారినే తిరిగి రానక్కర్లేదు. సరస్సు దగ్గర ఆరు రాత్రులు, కాలవల దగ్గర ఆరు. మధ్యలో ఒకే రైలు, మూడు గంటలు, ఎక్కడా మారేది లేదు, అదీ తీరిగ్గా టిఫినయ్యాక. పెట్టెల్ని ముందు రోజే స్టేషనువాళ్ళకు అప్పగిస్తే రెండో హోటలుకు చేరుస్తారట. హోటళ్ళు రెండూ స్టేషను కనబడేంత దూరంలో, గదులు కింది అంతస్తులో. దిగిన మొదటి రెండు రోజులు కాగితం మీద ఏమీ రాయలేదు. ఆ ఖాళీ చూస్తే చెయ్యి దురద పెట్టింది. మూడుసార్లు పడవ షికారొకటి ఇరికించాడు, మూడుసార్లూ రబ్బరుతో తుడిచేశాడు. ఖాళీని ఖాళీగా గీయడానికి ఇంత నేర్పు కావాలని ముప్పై ఒక్క ఏళ్ళ పనిలో ఆయనకు తట్టలేదు.

శనివారం కూతురు లాప్‌టాప్‌తో వచ్చింది. వెనకే బావమరిదీ దిగాడు. చార్టు చూసి పెదవి విరిచాడు. అంత దూరం పోయి రెండూళ్ళేనా బావా, జనం వింటే నవ్వుతారన్నాడు.

"మిగతావి నువ్వు చూసొచ్చావుగా" అంది అక్క. "తీరిక దొరికినప్పుడు చెప్పు, కూర్చుని వింటాం."

వాడు మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాడు. కూతురు తండ్రి వివరాలు కొట్టడం అయిపోయాక వేళ్ళు ఆపి, రెండో టికెట్టు కూడా తియ్యమంటావా నాన్నా అని అడిగింది. గీతలాయన చార్టును భార్య వైపు తిప్పి ఊరుకున్నాడు. తన పని అయిపోయింది, ఇక ఆమె మాటే.

ఆమె ఒక్కో రోజునూ వేలితో తడిమింది. తొందరపడలేదు. చివరికి బల్ల ఆసరాతో లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. అల్మారా తలుపు తెరిచిన చప్పుడు, ఏవో కాగితాలు అటూ ఇటూ జరిపిన చప్పుడు వినిపించాయి. గీతలాయన గడియారం వైపు చూడకుండా కూర్చున్నాడు.

ఆమె పాస్‌పోర్టు పట్టుకుని వచ్చి కూతురి పక్కన కుర్చీ లాక్కుంది. కళ్ళజోడు సర్దుకుని, మొదటి పేజీ వెలుతురుకు పట్టి, ఒక్కో అంకే ఆగి ఆగి చదివింది. చివరి అంకె కొట్టి కూతురు తలెత్తింది.

"ఉండు, మళ్ళీ చదువుతా. సరిచూసుకో" అంది ఆమె.