రెక్క కోసి వదిలిన చేపలు

రుద్రారంలో కాలేజీ పిల్లలు దిగాక పటాన్‌చెరు బస్సులో నాకు సీటు దొరికింది. పక్కన చేపలమ్మే పెద్దావిడ, ఆమె ఒళ్లో ఖాళీ సిల్వర్ తట్ట. నా ఒళ్లో థర్మోకోల్ డబ్బా.

"గా డబ్బల ఏమున్నది సారూ?"

అడగని వాళ్లకు కూడా ఉపన్యాసమిచ్చే జబ్బు మా ల్యాబులో అందరికీ ఉంది. ఇక అడిగితే ఆగుతానా? చెరువులో పట్టిన 'మార్పు' అనే మీసాల చేపల రెక్క కొసలు కత్తిరించి తెస్తున్నానని, జన్యు పరీక్ష చేస్తే ఏది మన నాటు చేపో, ఏది పెంపకం గుంటల నుంచి వచ్చిపడ్డ సంకరమో తేలుతుందని, ఆ సంకరం పెరిగితే నాటు చేప మిగలదని చెప్పాను. కంటితో చూసి పోల్చడం ఎవరి వల్లా కాదని గొప్పగా అన్నాను.

"మరి రెక్క కోసినంక చేపలనేం జేసిన్రు?"

"మళ్లీ చెరువులోనే వదిలేశామమ్మా. నాటువైతే చంపకూడదు కదా."

"పరీక్ష కాయితం ఎన్నడొస్తది?"

"నెల పడుతుంది."

ఆమె నా మెడలోని ఐడీ కార్డును కాసేపు చూసింది.

"నాటువి కావని కాయితమొస్తే ఏం జేస్తరు? గట్టు మీద నిలబడి సదివి ఇనిపిస్తరా?"

ఆమె తట్టను మా ఇద్దరి మధ్య నిలబెట్టి కిటికీ వైపు తిరిగింది. పటాన్‌చెరు దాకా మళ్లీ నా మొహం చూడలేదు.

నెలకు రిపోర్టు వచ్చింది. సంకరమని తేలిన రెక్క ముక్కల నంబర్లు అందులో వరసగా, ముచ్చటగా ఉన్నాయి. పరీక్ష బ్రహ్మాండంగా పనిచేసిందని మా పెద్దసారు అందరికీ స్వీట్లు పంచాడు.

నేను రెండు తిన్నాను.