అత్త తెచ్చే బోరు నీళ్లు

నల్లమాడ దగ్గర చీనీ బత్తాయిల తోటలో ఉండే మా మేనత్త పోయిన వారం చనిపోయింది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. అదే అయి ఉండవచ్చు. నాకు మాత్రం ఆ మాట దగ్గర మనసు నిలవడం లేదు.

నన్ను కాలేజీకి పంపమని మా నాయనతో పోట్లాడింది ఆమే. ఆ చదువుతోనే అనంతపురంలో ఒక ల్యాబులో ఉద్యోగం. పొలం మందులు మట్టిలో ఎన్నాళ్లు ఉంటాయి, నీళ్లతో ఎంత లోతుకు పోతాయి, ఒంటికి ఎంత చెడు, ఈ మూడూ చూసి వాటిని తరగతులుగా విడదీస్తాం. "మందులకి మార్కులేసే పంతులమ్మ" అని అత్త కూలీలకు నన్ను చూపించేది.

మూడేళ్ల కిందట, బోరు చుట్టూ గడ్డి మందు కొట్టవచ్చా అని అడిగింది. ల్యాబు పట్టిక చూసి, అది మట్టిని పట్టుకునే ఉంటుంది, కిందికి దిగదు అన్నాను.

"నీ మాట మీదనే కొడతాండా మే," అంది.

ఆమె తాగేదీ ఆ బోరు నీళ్లే. టౌనుకు వచ్చినప్పుడల్లా ఒక క్యాను నింపి, బస్సులో కారకుండా మూత కింద పాత చీర పేలిక బిగించి, నాకూ తెచ్చేది. మా కుళాయి నీళ్లతో కాచిన టీ ఆమె నోటికి ఎక్కేది కాదు.

పట్టికలోని లెక్క సత్తువ ఉన్న మట్టిది, మాది ఏదీ నిలవని ఎర్ర గరుసు నేల. ఆ అనుమానం నాకు ఆలస్యంగా వచ్చింది. తోట మన్ను అడిగితే తువ్వాల్లో మూటగట్టి తనే తెచ్చింది. గాజు గొట్టంలో నింపి, మందు వేసి నీళ్లు పోస్తే, మందు అడుగు నుంచి దిగి వచ్చేసింది. ఆఫీసులో ఆ మందు తరగతి మార్చి రాశాను.

"నా మన్ను పాసైందా మే?" అంది అత్త, ఆ మరుసటిసారి క్యాను దించుతూ.

ఇంకా చూడాలన్నాను. ఒక్క మాట చెబితే ఏం పోయేదని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అదే అడుగుతున్నాను. నా మాట తప్పని ఆమె ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు, అంతే. ఆమె బస్సెక్కాక ఆ నీళ్లు పెరట్లో పారబోశాను. తర్వాత తెచ్చిన ప్రతి క్యానూ అంతే. ల్యాబులో ఉండి, ఒక్క చెంబెడు పరీక్ష చేయలేదు. ఖాళీ క్యాను చేతికిస్తే, అన్నీ తాగేశానని మురిసిపోయేది.

అత్తను మట్టి చేసిన రోజు, ఆ నీళ్లు తాగవద్దని ఆమె కొడుక్కి చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. వాడు బోరు వైపు తిరిగాడు.

"అమ్మకు చెప్పినావా అక్కా?"

తల అడ్డంగా ఊపాను. వాడు లోపలికి పోయి, నిండు క్యాను తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు. నా దగ్గరికి రావాలని ఆమె పట్టి పెట్టుకున్నదట.

ఇప్పుడది ల్యాబులో నా బల్ల మీద ఉంది. మూత కింద ఆమె బిగించిన పచ్చ పేలిక ఇంకా తీయలేదు.